ముట్టుకున్న చేయి: డిచ్‌పల్లి ఆసుపత్రి చరిత్ర నుండి మనం నేర్చుకోవలసిన పాఠాలు

ధ్యాన భాగము: మార్కు సువార్త 1:40-45



ఈ వారం మా మందిరంలో మార్కు సువార్త మొదటి అధ్యాయం చివరి భాగాన్ని ధ్యానించాము. ఒక కుష్ఠురోగి ప్రభువు దగ్గరకు వచ్చి మోకాళ్లూని వేడుకున్నాడు. ప్రభువు కనికరపడి, చెయ్యి చాపి, అతన్ని ముట్టుకున్నాడు. మాటతోనే స్వస్థపరచగలిగిన ప్రభువు ముందు ముట్టుకుని, ఆ తర్వాత మాట్లాడాడు. ఈ వరుసను మనం ఎన్నోసార్లు చదివి దాటిపోతాము. మేమూ అలాగే దాటిపోయినవాళ్లమే. అందుకే మన జిల్లాలోనే ఈ వాక్యాన్ని అక్షరాలా జీవించిన వారి చరిత్ర మీ ముందు పెట్టాలని ప్రేరేపించబడ్డాము.

నిజామాబాదు నుండి హైదరాబాదు వెళ్లే దారిలో పదిహేను కిలోమీటర్లు దాటితే డిచ్‌పల్లి వస్తుంది. నేటి యువతకు ఆ పేరు చెబితే తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. చరిత్ర ఇష్టపడేవారికి గుట్ట మీది పాత రామాలయం గుర్తొస్తుంది. కానీ మన తాతల కాలంలో డిచ్‌పల్లి అంటే చాలామంది గొంతు తగ్గించి పలికేవారు. అక్కడ పెద్దరోగం ఆసుపత్రి ఉండేది. ఆ రోగం పేరు నోటితో పలకడానికి కూడా జనం భయపడి "పెద్దరోగం" అనేవారు. ఇంట్లో ఒకరికి ఆ మచ్చ కనబడితే పిల్లల పెళ్లిళ్లు ఆగిపోయేవి. రోగిని ఊరి బయట గుడిసెలో పెట్టి, అన్నం దూరం నుండి నెట్టేవారు.

ఆ ఆసుపత్రి ఎలా పుట్టిందో చూద్దాము.

స్కాట్లాండు దేశంలో 1875లో ఒక రైతు ఇంట పుట్టిన ఇసబెల్ గన్, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో వైద్యురాలైంది. స్త్రీలు డాక్టర్లు కావడం అక్కడ కూడా అరుదైన రోజులవి. అదే ఏడాది ఆమె జార్జ్ కెర్ అనే సేవకుని వివాహమాడింది. ఆయన పరిచర్యలోకి రాకముందు వడ్రంగి పని చేసినవారు. 1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను తరపున హైదరాబాదు సంస్థానానికి వచ్చి, నిజామాబాదులో పరిచర్య ఆరంభించారు.

అప్పటి నిజామాబాదును ఊహించుకోండి. ఇందూరు అన్న పాత పేరు ఇంకా జనం నోట ఉంది. నిజాంసాగర్ కట్టలేదు. మంజీరా నీళ్లు కాలువల్లో పారలేదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేదు. వాన పడితే పంట, లేకపోతే కరువు. అలాంటి చోట జ్వరాలు, కాన్పులు, పుండ్లు చూడటానికే ఒక డాక్టరమ్మకు పగలు చాలదు. ఆమె కుష్ఠురోగుల జోలికి పోకుండా ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ప్రభువు ఆమె కళ్లను వారి మీదికే తిప్పాడు.

1911లో నిజామాబాదులో కుష్ఠురోగుల కోసం ఒక చిన్న ఆశ్రయం తెరిచారు. అది త్వరలోనే చాలకుండా పోయింది. వచ్చేవారు ఎక్కువ, చోటు తక్కువ. ఇక్కడే చరిత్ర ఒక వింత మలుపు తిరిగింది. పెద్ద ఆసుపత్రికి కావలసిన సహాయం నిజామాబాదుకు చెందిన రాజా నర్సా గౌడ్ గారు అందించారు. ఆయన హిందువు. ఆయన ఉదారత వలన 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది.

ప్రియులారా, ఇక్కడ కాసేపు ఆగుదాము. మంచి సమరయుని ఉపమానం మనం ఎన్నిసార్లు ప్రసంగించలేదు? ప్రతిసారీ మనల్ని మనమే ఆ సమరయునిగా ఊహించుకుంటాము. అయితే ఆ కథలో యాజకుడూ లేవీయుడూ, అంటే దేవాలయపు మనుషులు, పక్కగా వెళ్లిపోయారు. ఎవరూ లెక్కలోకి తీసుకోని పరాయివాడు నూనె పోసి, కట్టు కట్టి, పూటకూళ్లవానికి డబ్బు ఇచ్చాడు. డిచ్‌పల్లి చరిత్రలో ఖర్చు భరించినవారు మన మందిరంలో కూర్చునేవారు కారు. మంచిపని మన సంఘపు సొత్తు కాదు, దేవునిది. పొరుగువాడు మేలు చేసినప్పుడు అతని పేరు గౌరవంతో చెప్పడం కూడా మన సాక్ష్యంలో భాగమే.

ఇక వైద్యం సంగతి. అప్పటికి ఈ రోగానికి సరైన మందు లేదు. నార్వే దేశపు డాక్టర్ హాన్సెన్ 1873లోనే ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు. ఇది శాపమూ కాదు, పాపఫలమూ కాదు, క్రిమి వలన వచ్చే రోగమని తేలింది. కానీ క్రిమి దొరికినంత మాత్రాన మందు దొరకలేదు. మన దేశంలో పూర్వం నుండి వాడుకలో ఉన్న చాల్‌మూగ్రా గింజల నూనె ఒక్కటే ఆధారం. దాన్ని తాగితే కడుపులో వికారం, వాంతులు. ఎక్కువ రోజులు ఎవరూ తట్టుకోలేకపోయేవారు. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ అనే డాక్టర్లు ఆ నూనెను ఇంజెక్షనుగా ఇవ్వడానికి తగిన విధానాలను అభివృద్ధి చేశారు. మ్యూర్ గారు ఇంకొక మాట గట్టిగా చెప్పేవారు: ఒంట్లో ఉన్న ఇతర జబ్బులను ముందు నయం చేయాలి, మంచి తిండి పెట్టాలి, ఒంటికి పని ఉండాలి, అప్పుడే ఈ మందు పనిచేస్తుంది. డాక్టర్ ఇసబెల్ ఆయనతో కలిసి పనిచేసి, ఈ చికిత్సను డిచ్‌పల్లిలో అమలు చేసింది.

ఈ మార్పు ఎంత పెద్దదో గమనించండి. అంతకుముందు కుష్ఠురోగులకు ఉన్నవి ఎక్కువగా ఆశ్రయాలే. ఆశ్రయం అంటే చచ్చేదాకా ఉండే చోటు. ఆసుపత్రి అంటే నయమై ఇంటికి వెళ్లే చోటు. రోగి లోపలికి వచ్చేటప్పుడే, నీవు తిరిగి వెళ్తావు అని చెప్పగలగడం గొప్ప సువార్త. ఆ సువార్తకు సూది గుచ్చే నొప్పి ఉంది, నెలల తరబడి ఓపిక ఉంది, పుండ్లు కడిగే చేతులు ఉన్నాయి.

1923లో డాక్టర్ ఇసబెల్ సేవకు గుర్తింపుగా కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే ప్రభువునందు నిద్రించింది. వచ్చిన నాటి నుండి లెక్కిస్తే పాతికేళ్లు. భర్త జార్జ్ కెర్ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఇక్కడే ఉండి, 1938లో స్వదేశానికి తిరిగి వెళ్లారు.

ఆమె నాటిన విత్తనం అక్కడితో ఆగలేదు. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తర్వాతి కాలంలో ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లారు. డాప్సోన్ అనే చవకైన మాత్రను కుష్ఠుకు నోటి ద్వారా ఇవ్వవచ్చని 1940ల చివరిలో చూపించినవారిలో ఆయన ఒకరు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. నేడు ఆ మందు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. రోగం తీవ్రతను బట్టి ఆరు నెలలు లేక ఏడాది వాడితే చాలు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది. చర్మం మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచకుండా వెంటనే చూపించుకోవాలని మా చదువరులకు ప్రత్యేకంగా మనవి. ఆలస్యమైతే రోగం నయమైనా, వేళ్లకు కాళ్లకు కలిగిన వైకల్యం అలాగే మిగిలిపోవచ్చు.

సెమినరీలో చదువుకున్నప్పుడు మాకు చెప్పిన ఒక సంగతి కూడా ఇక్కడ జ్ఞాపకం చేస్తాము. లేవీయకాండము 13, 14 అధ్యాయాల్లో మన బైబిలు "కుష్ఠు" అని అనువదించిన మాట బట్టలకు, ఇంటి గోడలకు పట్టిన మచ్చలకు కూడా వాడబడింది. కాబట్టి అది నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. ఆ అధ్యాయాలు చదివి రోగిని పాపి అని తీర్పు తీర్చడం వాక్యాన్ని అపార్థం చేసుకోవడమే.

ఇప్పుడు మా తప్పు మేము ఒప్పుకోవాలి.

మాది బోధన్ వైపు చెరకు పొలాల మధ్య ఉన్న చిన్న సంఘము. మా మందిరానికి చాలా ఏళ్లుగా ఒక అవ్వ వస్తుంది. చిన్నతనంలో ఆమెకు ఈ రోగం వచ్చి, డిచ్‌పల్లిలో నయమైంది. చేతివేళ్లు కొన్ని పొట్టివైపోయాయి. ఆమె ఎప్పుడూ గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చుంటుంది. ప్రభురాత్రి భోజన సంస్కారంలో అందరూ తీసుకున్న తర్వాత ఆఖరున వస్తుంది. ఆమె కోసం ఒక చిన్న స్టీలు గ్లాసు వేరుగా ఉండేది. ఎవరు పెట్టారో మాకు గుర్తు లేదు. మేము ఈ సంఘానికి వచ్చేనాటికే అది ఉంది. మేము దాన్ని చూశాము, ఏమీ అనలేదు. పెద్దలు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాము.

ఒక ఆదివారం డిచ్‌పల్లి చరిత్ర మీద ప్రసంగించాము. ఇసబెల్ అమ్మగారి త్యాగం గురించి చెబుతుంటే సంఘమంతా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆరాధన ముగిశాక అవ్వ దగ్గరికి వెళ్లి, వచ్చే వారం నుండి అందరితో కలిసి ముందుకు రావాలని అడిగాము. ఆమె నవ్వి, "వద్దు అయ్యగారూ, అందరైనంక తీస్కుంట. నాకు అలవాటే. గా దవాఖానల డాక్టర్లు నా చెయ్యి పట్టుకుని చూసేటోళ్లు. ఆడికెల్లి వచ్చినంక మల్ల ఎవ్వలు పట్టుకోలే" అంది.

ఆ మాట మమ్మల్ని పొడిచింది. వంద సంవత్సరాల క్రితం ఎక్కడినుండో వచ్చిన ఒక స్త్రీ త్యాగాన్ని తలచుకుని ఏడ్చాము. మన గుమ్మం దగ్గర కూర్చున్న స్త్రీ చెయ్యి మాత్రం పట్టుకోలేదు. మందు రోగాన్ని ఎప్పుడో తీసేసింది. అవ్వను దూరంగా ఉంచింది మేమే.

ఆ వారం సంఘ పెద్దలతో కూర్చున్నాము. వాదన జరిగింది. జనం రావడం మానేస్తారని ఒకరు భయపడ్డారు. కానుకలు తగ్గుతాయని మరొకరు అన్నారు. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టివేయలేము. ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తర్వాత ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. మా సంఘంలోనూ కూలి దొరకని ఇళ్లు ఉన్నాయి. ఉన్న కొద్దిమందిని పోగొట్టుకోవాలని ఎవరు కోరుకుంటారు? కానీ ఒక పెద్దాయన, ఆ ఫ్యాక్టరీలో పనిచేసి ఇంటికి వచ్చినవారు, ఇలా అన్నారు: "పని పోయిన్నాడు మనల్ని కూడ గుమ్మం కాడనే నిలబెట్టిన్రు. ఆ బాధ మనకు ఎరుకే కద." ఆ తర్వాత వాదన లేదు.

తర్వాతి సంస్కారం ఆదివారం ఆ స్టీలు గ్లాసు బల్ల మీద లేదు. ఆ పెద్దాయన భార్య వెళ్లి అవ్వ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. అవ్వ వణికింది. అందరితో పాటు అదే పాత్రలో తీసుకుంది. రెండు కుటుంబాలు ఆ రోజు పాత్ర ముట్టకుండా వెళ్లిపోయాయి. అందులో ఒకటి తిరిగి వచ్చింది, ఇంకొకటి ఇంకా రాలేదు. వారి కోసం ప్రార్థిస్తూనే ఉన్నాము. అవ్వ మాత్రం నేటికీ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, గాలి బాగా వస్తుందట. కానీ ఇప్పుడు ఆమె పక్కన మరో ఇద్దరు కూర్చుంటున్నారు.

ప్రియులారా, ఈ చరిత్ర నుండి మూడు మాటలు జ్ఞాపకం పెట్టుకుందాము.

మొదటిది, సేవ దగ్గరలో ఉన్నవారితో మొదలవుతుంది. డాక్టర్ ఇసబెల్ సముద్రాలు దాటి వచ్చినా, ఆమె పిలుపు నిజామాబాదు వీధిలో ఎదురుపడిన రోగి రూపంలోనే వచ్చింది.

రెండవది, జాలి ఒక్కటే చాలదు. ఆమె కనికరం చదువుతో, ఓపికతో, లెక్కతో, మందుతో కలిసింది. మీరు నర్సు అయినా, టీచరు అయినా, ట్రాక్టరు నడిపేవారైనా, మీ పనిని బాగా నేర్చుకోవడం కూడా ఆరాధనే.

మూడవది, స్వస్థత పొందినవాడు ఇంటికి తిరిగి వెళ్లాలి. ప్రభువు ఆ కుష్ఠురోగిని యాజకునికి కనబరచుకొమ్మని పంపింది అందుకే, అతడు మళ్లీ తన జనంలో కలవాలని. ఆసుపత్రి చేయవలసింది చేసింది. కలుపుకోవలసింది సంఘము.

ఈ వారం మీ మందిరపు గుమ్మం దగ్గర ఎవరు కూర్చుంటున్నారో చూడండి. కుష్ఠు కాకపోవచ్చు. అప్పుల్లో మునిగినవాడు కావచ్చు, భర్త వదిలేసిన చెల్లెలు కావచ్చు, తాగుడు మానలేక సిగ్గుపడుతున్న తమ్ముడు కావచ్చు. దూరం నుండి ప్రార్థించి ఊరుకోకండి. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకోండి.

ప్రార్థన: ముట్టుకుని బాగుచేసిన ప్రభువా, మేము వేరుగా పెట్టిన గ్లాసులను మాకు చూపించుము. భయాన్ని తీసివేసి, నీ చేతుల వంటి చేతులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.