నౌకలు కన్న నగరము – మికొలాయివ్

నౌకకు పేరు పెట్టిన దేశమును లోకము జ్ఞాపకముంచుకొనును. దానిని కట్టిన ఊరిని మరచిపోవును. 2021 మే 21వ తేదీన విశాఖపట్టణపు నౌకాదళ రేవులో ‘రాజపుత్’ అను యుద్ధనౌకపై ఎగురుచున్న పతాకమును కడపటిసారి దింపిరి. 1980 మే 4న మన నౌకాదళమున చేరి, 41 సంవత్సరములు సేవచేసి విశ్రాంతి పొందిన ఓడ అది. దానిని తీరమునుండి చూచినవారు ఎందరో కలరు. కాని అది ఏ ఊరి కార్మికుల చేతులలో రూపు దాల్చినదో ఎరిగినవారు కొలదిమందియే. ఆ ఊరు యుక్రెయిన్ దేశపు దక్షిణభాగముననున్న మికొలాయివ్. రష్యను భాషలో దానినే నికొలాయెవ్ అందురు.

దక్షిణ బూగ్ నదిలో ఇన్‌హుల్ నది కలియుచోట ఈ నగరము వెలసినది. రష్యా సామ్రాజ్యమునకును తురుష్క సామ్రాజ్యమునకును యుద్ధము జరుగుచుండగా, 1788లో ఒచాకివ్ కోట రష్యను సేనల వశమైనది. ఆ విజయము సెయింట్ నికొలస్ పండుగనాడు లభించుటచే, మరుసటి సంవత్సరము పొటెమ్కిన్ ప్రభువు కొత్త నౌకాశాలకును, దానిచుట్టు లేచుచున్న ఊరికిని ఆ మహనీయుని పేరు పెట్టెను. నికొలస్ నావికుల రక్షకుడని క్రైస్తవుల విశ్వాసము. 1790లో ఇచ్చట కట్టిన మొదటి యుద్ధనౌక నీటిలో దిగెను. దానికిని ఆయన పేరే. సాధారణముగా ఊరు పుట్టి పెరిగిన పిదప పరిశ్రమ వచ్చును. ఇచ్చట పరిశ్రమ ముందు పుట్టినది. దానికొరకు ఊరు పుట్టినది.

అట్టి ఊరి మంచిచెడ్డలు రాజ్యముల సంధివిగ్రహములతో పెనవేసికొనియుండును. క్రిమియా యుద్ధము ముగిసిన పిమ్మట, నల్లసముద్రమున రష్యాకు నౌకాదళముగాని, తీరమున నౌకాయుధశాలలుగాని ఉండరాదని 1856 నాటి పారిస్ సంధి నిర్ణయించెను. 1871లో ఆ నిషేధము తొలగినది. 1900లో ఇక్కడ నీటిలో దిగిన ‘పొటెమ్కిన్’ నౌకపై 1905లో నావికులు తిరుగుబాటు చేసిరి. పురుగులు పట్టిన మాంసమును తినుమన్నందుకు రేగిన ఆ కలహమును 1925లో ఐజెన్‌స్టీన్ చలనచిత్రముగా తీసెను. ఆ చిత్రమువలన ఓడ పేరు లోకమంతట వ్యాపించినది.

ఇక అంకెలు చూతము. 1970 మొదలు 1988 వరకు నల్లసముద్ర నౌకానిర్మాణశాలలో 7 విమానవాహక నౌకలకు పని ప్రారంభించిరి. సోవియట్ రాజ్యము కట్టించిన ఈ తరగతి నౌకలన్నియు ఈ ఒక్క ఊరివే. ‘కీవ్’ 1972లోను, ‘మిన్‌స్క్’ 1975లోను, ‘నొవొరసీస్క్’ 1978లోను, ‘బకూ’ 1982లోను నీటిలో దిగినవి. పిమ్మట 1985లో ఒకటి, 1988లో ఒకటి దిగినవి. ఏడవదియగు ‘ఉల్యానొవ్‌స్క్’ సగమైనను పూర్తికాకముందే 1992లో దానిని ముక్కలు చేసిరి; 1991లో సోవియట్ రాజ్యమే అంతరించినది గదా! ఆరవ నౌకయగు ‘వర్యాగ్’ అసంపూర్ణముగానే 1998లో 2 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయి, 2012లో చైనా నౌకాదళమున ‘లియావొనింగ్’ అను పేర చేరెను. ‘బకూ’ పేరుమార్చుకొని, ఉత్తర రష్యాలో మరమ్మతులు పొంది, 2013లో మన ‘విక్రమాదిత్య’ యైనది. విశాఖలో విశ్రమించిన ‘రాజపుత్’ ఈ ఊరిలోనే వేరొక నౌకాశాలలో పుట్టినది. దానికి 61 కమ్యూనార్డుల నౌకాశాల యని పేరు.

ఈ లెక్కలు నిజములే. కాని ఇందులో మనుష్యులెక్కడ? యుద్ధమునకు పూర్వము సుమారు 4 లక్షల 70 వేల జనము నివసించిన నగరమిది. సోవియట్ కాలమున విదేశీయులకు ఇందు ప్రవేశము లేదు. కనుక బయటిలోకమునకు ఆ వీధులు, ఆ అంగళ్లు, పని ముగించుకొని ఇండ్లకు మరలు కార్మికులు కనబడలేదు. 1984లో ఒక ఆంగ్ల సైనిక వారపత్రికలో ఈ నగరపు ఛాయాచిత్రములు ప్రకటితమైనవి. అమెరికా ఉపగ్రహము అంతరిక్షమునుండి తీసిన రహస్యచిత్రములవి. వానిని పత్రికకందించిన అమెరికా ఉద్యోగి మరుసటి సంవత్సరము న్యాయస్థానమున దోషిగా నిర్ణయింపబడెను. ఆ చిత్రములలో నిర్మాణములోనున్న విమానవాహక నౌక కనబడినది. ఓడ పొడవును లెక్కకట్టుటకు అవి చాలును. ఒక్క మనిషి ముఖమును గుర్తించుటకు చాలవు. దూరమునుండి చూచు శత్రువునకు ఊరు ఒక కర్మాగారము మాత్రమే.

2022లో కథ తలక్రిందులైనది. ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్‌పై దండెత్తగా, ఈ నగరము దాడికి గురియయ్యెను. యుక్రెయిన్ నౌకాదళము తన ప్రధాన నౌకయగు ‘హెత్‌మన్ సహైదాచ్నీ’ శత్రువుల చేజిక్కకుండుటకై ఈ రేవులోనే దానిని ముంచివేసెను. మార్చి 29న క్షిపణి యొకటి మండలపు పరిపాలనాభవనమును మధ్యకు చీల్చగా 37 మంది మరణించిరి. ఏప్రిల్ 14న రష్యా నల్లసముద్ర దళపు ప్రధాన నౌకయగు ‘మాస్క్వా’ యుక్రెయిన్ క్షిపణుల దెబ్బకు మునిగినది. అదియు ‘రాజపుత్’ పుట్టిన నౌకాశాలలోనే పుట్టిన ఓడ! తాము కట్టిన ఓడయే తమ దేశముపైకి వచ్చుటయు, అది మునిగినదని విని ఊరివారు ఊపిరి పీల్చుకొనుటయు చరిత్రలో అరుదైన సంగతులు.

ఆ ఏప్రిల్‌లోనే ద్నీపర్ నదినుండి నగరమునకు మంచినీరు తెచ్చు గొట్టము యుద్ధములో ధ్వంసమైనది. కొన్నివారములు కొళాయిలలో చుక్క నీరు లేదు. తరువాత వచ్చినది ఉప్పునీరు, త్రాగుటకు పనికిరానిది. ఈమారు పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రములు అంతరిక్షమునుండి తీసినవి కావు, వీధిలో నిలబడి తీసినవి. ప్లాస్టిక్ డబ్బాలు, సీసాలు చేతబట్టుకొని వరుసలో నిలిచిన ముసలివారు, తల్లులు, పిల్లలు వానిలో కనబడిరి. రెండు నదులు కలియుచోట కట్టిన ఊరిలో, వేల టన్నుల నౌకలను నీట తేల్చిన ఊరిలో, బిందెడు త్రాగునీటికై మనుష్యులు బారులుతీరిరి. వేసవిలో నీటికై వరుసన నిలిచిన అనుభవము మన ఇండ్లలో అనేకులకు కలదు. కనుక ఆ చిత్రమును మనము వ్యాఖ్యానము లేకయే చదువగలము.

నౌకాచరిత్ర వ్రాయువారు టన్నులను, పొడవును, ఫిరంగులను లెక్కింతురు. ఆ లెక్క అవసరమే. అది లేనిదే ‘రాజపుత్’ ఎక్కడ పుట్టినదో మనకు తెలియదు. అయితే ఆ పట్టిక ప్రక్కన నీటి వరుసలో నిలిచిన ఒక వృద్ధురాలి చిత్రమునుకూడ ఉంచుట న్యాయము. ఓడలు పేరు మార్చుకొనును, జెండా మార్చుకొనును, అమ్ముడుపోవును, మునుగును. వానిని కట్టిన చేతులుగలవారు మాత్రము ఆ ఊరిలోనే ఉండి, ఆ ఊరి నీటినే త్రాగవలెను. విశాఖ తీరమున ఆ ఓడలలో ఒకదానిని చూచిన మనకు, అది పుట్టిన ఇంటివారి యోగక్షేమము బొత్తిగా పరాయి విషయము కాదు.