లెక్కకు అందని వయసు: ఆదోని ప్రాంతంలో హెచ్ఐవీ కౌన్సెలింగ్

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండి, ఆ తరువాత కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని పత్తి మార్కెట్టుకూ, 1938లో పుట్టిన చేనేత సహకార సంఘం వల్ల ఎమ్మిగనూరు మగ్గాలకూ పేరుపొందాయి. అయితే వాన మొహం చాటేసిన ఏళ్లలో కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కోతల కాలపు కూలికి, గుంటూరు మిరప చేలకు తరలిపోవడం కూడా ఈ ప్రాంత చరిత్రలో విడదీయరాని భాగమే. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ బృందం దేశంలో తొలిసారి హెచ్ఐవీని గుర్తించాక, 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో రాష్ట్ర సంస్థ ఏర్పడ్డాయి. వలస కూలీలు, లారీ డ్రైవర్లు, గర్భిణులు వాటి దృష్టిలో ముందు నిలిచారు.

వ్యాధి విస్తృతిని గర్భిణుల రక్త నమూనాల ఆధారంగా, 15 నుంచి 49 ఏళ్ల వయసు పరిధిలో అంచనా వేసిన పద్ధతి ఆనాటికి సబబే గాని, యాభై దాటినవారికి లైంగిక జీవితమే లేదన్న లోకపు ఊహకు అది తెలియకుండానే బలం చేకూర్చింది. కౌన్సెలింగ్, అంటే పరీక్షకు ముందూ తరువాతా ఏకాంతంగా జరిపే సంభాషణ, ఎక్కువగా సోకకుండా చూసుకోవడం గురించే సాగింది. 2000ల తొలి ఏళ్లలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రచార ప్రశ్న గోడగోడకూ ఎక్కి జనాన్ని నవ్వించింది. నవ్విన ఊళ్లోనే పరీక్ష గది మెట్లెక్కడం మాత్రం ఎవరికీ తేలిక కాదు.

అందుకే కౌన్సెలరుకు దూరంగా ఉండి మాట్లాడడం ఇక్కడ కొరత మాత్రమే కాదు, ఒక రక్షణ కూడా. 2014 డిసెంబరు 1న జాతీయ స్థాయిలో ప్రారంభమైన 1097 ఉచిత ఫోన్ సేవ, పేరు చెప్పకుండా అడిగే వీలు కల్పించింది. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం గోప్యతను హక్కుగా మార్చింది. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని నెలల మందులు ఒకేసారి ఇచ్చి, బాగోగులు ఫోన్‌లో కనుక్కోవడం అవసరమైంది.

ఈలోగా రోగుల వయసు మారింది. వైరస్ వృద్ధిని అణచే మందుల కలయికైన ఏఆర్‌టీని 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టగా, అప్పుడు 35 ఏళ్లున్నవారికి 2024 నాటికి 55 నిండాయి. చికిత్స వైరస్ వ్యాప్తిని బాగా తగ్గించగలదని, చెన్నై, పుణె కేంద్రాలూ పాల్గొన్న ఒక అంతర్జాతీయ పరిశోధన 2011లో రుజువు చేసింది. క్రమంగా మందులు వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుంచి లైంగికంగా అది సోకదని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. భాగస్వామిని తాకడానికే ఏళ్లుగా భయపడినవారికి ఈ కబురు చేరడం మందు చేరడమంత ముఖ్యం. ముట్లుడిగిన తరువాతి పొడితనం, మధుమేహం వల్ల వచ్చే అంగస్తంభన లోపం వంటివి ఈ వయసు ప్రశ్నలు; పైగా సిల్డెనాఫిల్ మాత్రను రిటోనావిర్ కలిసిన హెచ్ఐవీ మందులతో సొంతంగా వేసుకుంటే దాని మోతాదు ఒంట్లో ప్రమాదకరంగా పెరుగుతుంది గనుక, మందుల దుకాణంలో గుసగుసగా కొనేకన్నా ఫోన్‌లోనైనా విప్పి అడగడం మేలు.

సుగ్గికి ఎదిగిన పిల్లలు వెళ్లాక ఇంట్లో మిగిలేది తరచుగా ఈ వయసువారే. 1097కు చదువు అక్కరలేదు, మీటల ఫోన్ చాలు; కాకపోతే చెవి మందగించినవారు గొంతు పెంచి అడగవలసివస్తే ఆ గోప్యత పక్కింటి గోడ దాకానే.