మూడుంబావు తర్వాత ఏం జరిగింది?
హిల్స్‌బరో మృతుల స్మృతి, తల్లుల పోరాటం

ఫుట్‌బాల్ చరిత్రలో స్త్రీలు ఎక్కడుంటారు? ఆటగాళ్ల భార్యలుగానో, తల్లులుగానో ఫొటోల అంచున కనిపిస్తారు. ఆ ఆట మగవాళ్లది, ఆ గ్యాలరీలు మగవాళ్లవి, రాసిన చరిత్రా వాళ్లదే. కానీ బ్రిటన్ క్రీడా చరిత్రలోనే అతి పెద్ద విషాదం గురించి ఈరోజు ప్రపంచానికి తెలిసిన నిజంలో చాలా భాగాన్ని తవ్వి తీసింది స్త్రీలు. వాళ్లు చరిత్రకారులు కారు, న్యాయవాదులు కారు. పిల్లల్ని పోగొట్టుకున్న శ్రామికవర్గ, దిగువ మధ్యతరగతి స్త్రీలు. రాజ్యం రాసిన చరిత్రని ఇరవై ఏడేళ్ల పాటు ఒప్పుకోకుండా నిలబడిన ఆ మనుషుల గురించి మనం మాట్లాడుకోవాలి.

1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌.ఏ. కప్ సెమీ ఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టిక్కెట్లు కొన్న పదివేల మందికి పైగా లివర్‌పూల్ అభిమానులు లోపలికి వెళ్లడానికి ఉన్నవి ఏడే ఏడు ఇరుకు గేట్లు. బయట ఒత్తిడి పెరిగిపోయింది. మధ్యాహ్నం 2.52కి పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ఆదేశంతో పెద్ద గేటు తెరిచారు. సుమారు రెండువేల మంది లోపలికొచ్చారు. ఎదురుగా కనిపిస్తున్న సొరంగం దారి అప్పటికే కిక్కిరిసిన మధ్య గడుల్లోకి పోతుంది. ఆ దారి మూయమని ఎవరూ చెప్పలేదు, పక్క గడుల్లో ఖాళీ ఉందని ఎవరూ చూపించలేదు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి వచ్చే జనం. 3.06కి ఆట ఆపేశారు. అప్పటికే కంచెకి ఆనుకుని నిలబడ్డ మనుషులు నిలబడ్డచోటే ఊపిరాడక చనిపోతున్నారు.

తొంభై ఏడు మంది. చివరి వ్యక్తి ఆనాటి గాయాలతో ముప్ఫై రెండేళ్లు బతికి 2021లో చనిపోయాడు. అందరిలో చిన్నవాడికి పదేళ్లు, పెద్దాయనకి అరవై ఏడు.

అదే గ్యాలరీలో 1981 సెమీ ఫైనల్లోనూ జనం నలిగిపోయి 38 మంది గాయపడ్డారు. అంటే హెచ్చరిక ముందే ఉంది. అయినా ఆ తర్వాతి ఏళ్లలో చేసిన మార్పులు జనాన్ని గడులుగా విడగొట్టి మరింత బిగించాయి. అది థాచర్ కాలం. అభిమానులంటే రౌడీలనీ, కంచెలో పెట్టాల్సిన వాళ్లనీ నమ్మిన కాలం. 1984లో ఆర్‌గ్రీవ్ దగ్గర సమ్మె చేస్తున్న గని కార్మికుల్ని లాఠీలతో కొట్టి, తర్వాత వాళ్ల మీదే కేసులు పెట్టింది కూడా ఈ సౌత్ యార్క్‌షైర్ పోలీసులే. ఆ సమ్మెలో వంటశాలలు నడిపి, ఊరేగింపులు తీసిన స్త్రీల గురించి మన పత్రికల్లో చదివాం. హిల్స్‌బరో తల్లులు ఆ వర్గపు స్త్రీలే, ఆ ఉత్తర ఇంగ్లండ్ స్త్రీలే.

అబద్ధం శవాలు చల్లబడకముందే మొదలైంది. గేటు తానే తెరిపించి, అభిమానులే బద్దలుకొట్టుకుని వచ్చారని డకెన్‌ఫీల్డ్ ఫుట్‌బాల్ పెద్దలకి చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత ‘ది సన్’ పత్రిక ‘నిజం’ అన్న శీర్షిక పెట్టి, తాగిన అభిమానులు శవాల జేబులు కొట్టేశారని రాసింది. లివర్‌పూల్ ప్రాంతంలో చాలామంది ఆ పత్రికని నేటికీ ముట్టుకోరు.

ఆ రాత్రి స్టేడియం వ్యాయామశాలే శవాగారం అయింది. గోడకి అంటించిన ఫొటోల్లో తమ వాళ్ల ముఖాలు వెతుక్కోమన్నారు. గుర్తుపట్టిన వెంటనే అడిగిన ప్రశ్నలు: మీవాడు తాగుతాడా? ఈరోజు ఎంత తాగాడు? చనిపోయిన వాళ్లందరి రక్తంలో, పిల్లల రక్తంలో కూడా, మద్యం ఎంతుందో పరీక్ష చేయించారు. ముట్టుకోబోయిన తల్లులకి, ఈ శరీరం ఇప్పుడు కరోనర్‌ది, మీది కాదు అన్న జవాబు వచ్చింది. తొమ్మిది నెలలు మోసి కని, పెంచిన శరీరం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న స్త్రీవాదానికి కొత్తది కాదు. రాజ్యం దాన్ని ఇంత పచ్చిగా చెప్పిన సందర్భాలు మాత్రం తక్కువ.

పోలీసుల నిర్వహణా వైఫల్యమే ప్రధాన కారణమని 1989 ఆగస్టులోనే జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక చెప్పింది. అయినా మరణ విచారణ వేరే దారి పట్టింది. మరణాలకి కారణం తేల్చాల్సిన కరోనర్ స్టీఫన్ పాపర్ ఒక గీత గీశాడు. మధ్యాహ్నం 3.15 తర్వాత జరిగినది ఏదీ విచారణలోకి రాదన్నాడు. ఆ సరికే అందరూ బతికే అవకాశం లేని స్థితికి చేరుకున్నారని వాదన. దీంతో మూడుంబావు తర్వాత పోలీసులు ఏం చేశారు, అంబులెన్సులు ఎందుకు బయటే ఉండిపోయాయి, అన్న ప్రశ్నలన్నీ ఒక్క దెబ్బకి చెల్లకుండా పోయాయి. 1991 మార్చిలో జ్యూరీ ‘ప్రమాదవశాత్తూ మరణం’ అని తేల్చింది.

ఆన్ విలియమ్స్ ఈ గీతని ఒప్పుకోలేదు. ఆమె కొడుకు కెవిన్‌కి పదిహేనేళ్లు. నాలుగు గంటలకి కాస్త ముందు వరకూ కెవిన్ బతికే ఉన్నాడనీ, ‘అమ్మా’ అన్నాడనీ, అతన్ని చేతుల్లో పట్టుకున్న ఒక మహిళా స్పెషల్ కానిస్టేబుల్ మొదటి వాంగ్మూలంలో చెప్పింది. తర్వాత ఆమె చేత మరో వాంగ్మూలం మీద సంతకం చేయించారు. అందులో ఆ మాట లేదు. ఒత్తిడి చేసి మార్పించారని ఆమె తర్వాత చెప్పింది. ఒక స్త్రీ విన్న మాటని చెరిపేశారు, మరో స్త్రీ దాన్ని జీవితాంతం వెతికింది.

‘ప్రమాదం’ అని రాసిన మరణ ధృవీకరణ పత్రాన్ని ఆన్ తీసుకోలేదు. పోస్ట్‌మార్టమ్ నివేదికలు చదవడం నేర్చుకుంది. వైద్య నిపుణుల అభిప్రాయాలు సేకరించింది. అటార్నీ జనరల్‌కి మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టింది, తిరస్కరించారు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2009లో గడువు దాటిందని తోసిపుచ్చింది. ఇక్కడ కూడా కాలమే అడ్డం. రాజ్యానికి తన గడియారం ఉంటుంది. కొడుకు చివరి అరగంట ఎలా గడిచిందో తెలుసుకోవాలనే తల్లికి ఇంకో గడియారం ఉంటుంది. చరిత్ర ఏ గడియారం ప్రకారం రాయాలన్నదే ఈ పోరాటమంతా.

మాతృత్వాన్ని పూజించే అలవాటున్న మనం ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. ‘ఏడుస్తున్న తల్లి’ బొమ్మ పత్రికలకి ఇష్టం. ఆ తల్లే కాగితాలు చేతపట్టి ప్రశ్నలు వేస్తే, దుఃఖం నుంచి బయటపడలేకపోతోంది పాపం అంటారు. కన్నీళ్లు సానుభూతికి పనికొస్తాయి, సాక్ష్యానికి పనికిరావు. హిల్స్‌బరో స్త్రీలు ఈ విభజనని బద్దలుకొట్టారు. కుటుంబాల సంఘానికి చాలాకాలం అధ్యక్షురాలిగా ఉన్న మార్గరెట్ ఆస్పినాల్ తన పద్దెనిమిదేళ్ల కొడుకు జేమ్స్ మరణానికి వచ్చిన సుమారు 1,226 పౌండ్ల పరిహారాన్ని న్యాయవాది ఖర్చుల కోసం ఇచ్చేసింది. పోలీసుల తరఫు న్యాయవాదులకి ప్రజల డబ్బు, తల్లులకి కొడుకు ప్రాణం ఖరీదు! వాళ్లతోపాటు తండ్రులు, అక్కచెల్లెళ్లు, బతికి బయటపడ్డ అభిమానులు, ఫిల్ స్క్రాటన్ లాంటి పరిశోధకులు కూడా నడిచారు.

2012 సెప్టెంబరు 12న స్వతంత్ర ప్యానెల్ నివేదిక వచ్చింది. 164 పోలీసు వాంగ్మూలాలు మార్చారు. వాటిలో 116 పోలీసుల మీద విమర్శ తగ్గేలా మార్చినవి. అప్పటి మృతుల్లో 41 మందికి బతికే అవకాశం ఉండి ఉండవచ్చు. మూడుంబావు గీత కూలిపోయింది. డిసెంబరులో హైకోర్టు పాత తీర్పుల్ని రద్దు చేసింది. అప్పటికే కేన్సర్‌తో ఉన్న ఆన్, 2013 ఏప్రిల్ 15న ఆన్‌ఫీల్డ్‌లో సంస్మరణ సభకి చక్రాల కుర్చీలో వచ్చింది. మూడు రోజుల తర్వాత చనిపోయింది.

2014లో కొత్త విచారణ మొదలైనప్పుడు జరిగిన ఒక పనిని చరిత్ర రాసే వాళ్లందరూ గమనించాలి. తొలి విచారణలో ఒక్కొక్క మృతుడి గురించీ రక్తంలో మద్యం ఎంతో చదివి వినిపించారు. ఈసారి సాక్ష్యాల కంటే ముందు కుటుంబాలు తమ వాళ్లు ఎలాంటి మనుషులో చెప్పాయి. అమ్మలు, చెల్లెళ్లు, భార్యలు కోర్టులో నిలబడి బడి గురించి, ఉద్యోగం గురించి, ఇంట్లో అల్లరి గురించి మాట్లాడారు. ఇళ్లల్లో ఆడవాళ్లు దాచుకునే జ్ఞాపకం కోర్టు రికార్డులోకి ఎక్కింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ, అది చట్టవిరుద్ధంగా జరిగిన ప్రాణహరణమనీ, అభిమానుల తప్పు లేదనీ తేల్చింది.

ఈ కథలో కూడా మరుగున పడ్డవాళ్లున్నారు. మృతుల్లో ఏడుగురు స్త్రీలు, ఆడపిల్లలు. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్లు, పందొమ్మిదేళ్లు ఒకరికి, పదిహేను మరొకరికి. వాళ్ల తల్లి జెన్నీ హిక్స్ అదే స్టేడియంలో వేరే వైపు కూర్చుని ఉంది. ‘కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు’ అని రాసినప్పుడల్లా ఆట చూడ్డానికి తమ ఇష్టంతో వెళ్లిన ఈ ఆడపిల్లలు జారిపోతారు. మగవాళ్ల ఆట అనుకున్నచోట వాళ్లూ అభిమానులే.

ఇది రాస్తుంటే మన భాషలోని ఒక మాట ముల్లులా గుచ్చుకుంటోంది. ఇలాంటివి జరిగినప్పుడు మన పత్రికలు ‘తొక్కిసలాట’ అంటాయి. కొట్లాట, పోట్లాట, తోపులాట లాంటి మాటే ఇది. ఒకరినొకరు చేసుకున్నదన్న అర్థం దాని నిర్మాణంలోనే ఉంది. 2015 జూలైలో రాజమండ్రి గోదావరి పుష్కరాల్లో 27 మంది, ఎక్కువమంది స్త్రీలు, చనిపోయినప్పుడు అదే మాట. 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయినప్పుడూ అదే మాట. గేట్లు ఎవరి చేతిలో ఉన్నాయి, దారి ఎవరు నిర్ణయించారు అన్నవి ఆ మాటలో లేవు. హిల్స్‌బరోలో ఎవరూ ఎవరినీ తొక్కలేదు. నిలబడి ఊపిరాడక పోయారు. అయినా మనం రాసేటప్పుడు చెయ్యి ఆ మాట దగ్గరికే పోతుంది.

నిజం తేలినా శిక్ష పడలేదు. డకెన్‌ఫీల్డ్‌ని 2019లో జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. వాంగ్మూలాలు మార్చిన కేసు 2021లో కోర్టులో నిలబడలేదు. శిక్ష పడింది ఒక్క క్లబ్బు అధికారికే, 6,500 పౌండ్ల జరిమానా. అందుకే కుటుంబాలు ఇంకో పని పెట్టుకున్నాయి. ప్రభుత్వాధికారులు విచారణల్లో నిజం చెప్పితీరాలని, బాధితులకి కూడా ప్రభుత్వ ఖర్చుతో న్యాయసహాయం ఉండాలని ‘హిల్స్‌బరో చట్టం’ కోసం పోరాడాయి. 2025 సెప్టెంబరులో ఆ బిల్లు బ్రిటన్ పార్లమెంటు ముందుకొచ్చింది. అది తమ పిల్లల కోసం కాదని, రేపు ఇంకెక్కడో ఫొటోల గోడ ముందు నిలబడబోయే వాళ్ల కోసమని ఆ తల్లులకి తెలుసు.