దొంగకు దొరకని కథ: ‘కోతి కొమ్మచ్చి’ పుట్టిన తీరు

కోతి కొమ్మచ్చి ఆడాలంటే ముందు ఒక చెట్టు కావాలి. వేపో, చింతో, మామిడో ఏదైనా సరే, కొమ్మలు మాత్రం చేతికి అందాలి. దొంగ కింద ఉంటాడు, మిగతావాళ్ళంతా పైన ఉంటారు. వాడు ఇటు వస్తే అటు దూకాలి, అటు వస్తే ఇటు దూకాలి. ఒక్కచోట కుదురుగా కూర్చున్నవాడు దొరికిపోతాడు.

హాస్యరచయిత ముళ్ళపూడి వెంకటరమణ డెబ్బై ఏళ్ళు దాటాక తన జీవితకథ రాస్తూ దానికి ఈ ఆట పేరే పెట్టారు. విజయవాడ నుంచి వెలువడే స్వాతి వారపత్రికలో మిత్రుడు, చిత్రకారుడు బాపు బొమ్మలతో అది వారంవారం వచ్చింది. పేరు చూసి సరదా పుస్తకం అనుకున్నవాళ్ళే ఎక్కువ. కానీ రమణగారు ఆ పేరు నవ్వించడానికి పెట్టలేదు. ఒక పెద్ద చిక్కుకు ఆయన కనిపెట్టిన ఉపాయం అందులో ఉంది.

నవ్వించేవాడు తన కష్టాలు చెప్పబోతే ఆ చిక్కు ఎదురవుతుంది. నవ్వుతూ చెబితే ‘నిజంగా అంత బాధేం పడలేదులే’ అనుకుంటారు. ఏడుస్తూ చెబితే ‘పాపం’ అని జాలిపడి పక్కకు తప్పుకుంటారు. మన నేల మీదే కాదు, బయట కూడా ఈ చిక్కుతో చాలామంది తంటాలు పడ్డారు. చార్లీ చాప్లిన్ ఏడేళ్ళ వయసులో లండన్‌లో తల్లితో, అన్నతో కలిసి పేదల వర్క్‌హౌస్‌లో చేరాల్సి వచ్చింది. 1921లో తీసిన ‘ది కిడ్’లో పిల్లాణ్ణి అధికారులు లాక్కుపోతుంటే చాప్లిన్ ఇళ్ళ కప్పుల మీద పడి పరుగెత్తి కాపాడుకుంటాడు. చిన్నప్పుడు తన కోసం ఎవరూ పెట్టని ఆ పరుగు సినిమాలో తానే పెట్టాడు. అమెరికాలో వేదిక మీద ఒంటరిగా నిలబడి నవ్వించిన రిచర్డ్ ప్రయర్ 1980లో ఒళ్ళు కాల్చుకుని చావు అంచుదాకా వెళ్ళాడు. 1986లో తానే తీసి, నటించిన సినిమాలో ఆస్పత్రి మంచం మీద కాలిన ఒంటితో పడివున్న ఒక హాస్యనటుడి ఆత్మ లేచి తన గతమంతా తిరిగి చూసుకుంటుంది. ఇద్దరూ ఆ సినిమాల్లో తమ కథను మరో పాత్రకు తొడిగారు.

రమణగారు కూడా ముందు ఆ దారే పట్టారు. ఆయన 1931 జూన్ 28న ధవళేశ్వరంలో పుట్టారు. తండ్రి గోదావరి ఆనకట్ట ఆఫీసులో ఉద్యోగి. ఇంట్లో భజనలు, భోజనాలు, వచ్చేపోయే బైరాగులు. అదంతా తండ్రి ఉన్నంతవరకే. రమణకు ఇంకా పదేళ్ళైనా నిండకముందే ఆయన పోయారు. తల్లి ఆదిలక్ష్మి పిల్లల్ని తీసుకుని మద్రాసు చేరారు. విస్తళ్ళు కుట్టడం లాంటి దొరికిన పనల్లా చేసి వాళ్ళను పెంచారు. చదువు కొంత మద్రాసులో, కొంత రాజమండ్రిలో సాగి ఎస్సెస్సెల్సీతో ఆగిపోయింది. బాపుతో స్నేహం మాత్రం ఆగలేదు, చివరిదాకా నడిచింది.

ఇలాంటి బాల్యం ఉన్న మనిషి ఎన్ని కన్నీటి కథలైనా రాయొచ్చు. రమణగారు పద్నాలుగేళ్ళకే, 1945లో, ‘బాల’ పత్రికలో తొలి కథ అచ్చు వేయించుకున్నారు. 1954లో ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటరుగా చేరారు. 1956లో ‘బుడుగు’ వచ్చాడు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే, ఎవరికీ తలవంచని ఆ పిల్లాడిని చూసి తెలుగు ఇళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాయి. తండ్రి లేని ఇంట్లో తొందరగా పెద్దవాడైపోయిన మనిషి, తాను పోగొట్టుకున్న అల్లరినంతా ఆ పిల్లాడికి ఇచ్చేశాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ‘ఋణానందలహరి’లో అప్పుల అప్పారావుదీ అదే దారి. అప్పు చేసేవాడు తలదించుకోవాలన్నది లోకం మాట. అప్పారావు అప్పు అడగడాన్ని ఒక కళగా సాధన చేస్తాడు. లేమి అనుభవించినవాడికే ఆ లేమిని అలా తిరగేసి చూపించడం చేతనవుతుంది.

అయితే బుడుగూ అప్పారావూ ముసుగులే. ముసుగు తీసి ‘నేను’ అని చెప్పడానికి ఆయనకు మరో అర్ధశతాబ్దం పట్టింది. ఆ మధ్యకాలంలో ఆయన చేసిన పని సినిమా రచన. ‘సాక్షి’ (1967), ‘అందాల రాముడు’ (1973), ‘ముత్యాల ముగ్గు’ (1975) లాంటి సినిమాలకు రాసిన చెయ్యి ఒక సన్నివేశంలో ఎప్పుడు ప్రవేశించాలో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు బయటపడాలో నేర్చుకుంది. ప్రేక్షకుడి కంట నీరు తిరిగే క్షణానికి సరిగ్గా ముందు సన్నివేశం మార్చేస్తే, ఆ నీరు వాడి దగ్గరే ఉండిపోతుంది. ఇంటికి వెళ్ళాక వస్తుంది.

ఆత్మకథకు ఆ పనితనమే అక్కరకొచ్చింది. పుట్టుక, బడి, ఉద్యోగం, పెళ్ళి అంటూ వరస పెట్టి చెబితే కష్టం దగ్గర కథ ఆగి కూర్చుంటుంది. అలా కూర్చుంటే దొంగ పట్టేసుకుంటాడు. ఆ దొంగ పేరు జాలి. అందుకే రమణగారు వరస వదిలేశారు. ఆకలి ఊసు ఎత్తి, అది గొంతులో పడేలోపు ఓ స్నేహితుడి మీదికి దూకుతారు. అక్కణ్ణించి సినిమా సెట్టుకు, అక్కణ్ణించి మళ్ళీ అమ్మ దగ్గరికి. పాఠకుడు నవ్వుతూనే ఉంటాడు. పుస్తకం మూశాక చూసుకుంటే అమ్మ ఎంత కష్టపడిందో మొత్తం లెక్క మనసులో ఉంటుంది. ఆయన ఎక్కడా కూడి చూపించలేదు, మనమే కూడుకున్నాం.

ఇందులో బెజవాడ వాటా చిన్నదేమీ కాదు. బాపు బొమ్మలతో రమణ పుస్తకాలు ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో దొరికేలా చేసినవాళ్ళలో ఇక్కడి నవోదయ పబ్లిషర్స్ ఉంది. ఆయన రచనలన్నీ సంపుటాలుగా తెచ్చింది ఇక్కడి విశాలాంధ్ర. ఆత్మకథను వేసింది ఇక్కడి స్వాతి. ఏలూరులో కృష్ణ కాలవ, గోదావరి కాలవ కలుస్తాయి. ధవళేశ్వరం పిల్లాడి కథ కూడా అలాగే పారుతూ వచ్చి కృష్ణాతీరపు అచ్చుయంత్రంలో పడింది.

వారపత్రిక అనేది కూడా ఆ రూపానికి ఒక కారణం. ప్రతివారం కొన్ని పేజీలే ఇస్తారు. ఆ పేజీల్లోనే ఎక్కాలి, ఆడాలి, దిగాలి. ఒక వారం ఒక కొమ్మ. పై వారం వేరే కొమ్మ మీద కనిపించినా పాఠకుడు కంగారుపడడు, ఎందుకంటే ఆట పేరు ముందే చెప్పారు. ఒకేసారి అచ్చయ్యే పుస్తకంగా మొదలుపెట్టి ఉంటే ఇంత స్వేచ్ఛగా దూకేవారా అన్నది నాకు అనుమానమే. మొదటి భాగం అయ్యాక ‘(ఇం)కోతి కొమ్మచ్చి’, దాని తరవాత ‘ముక్కోతి కొమ్మచ్చి’ వచ్చాయి. పేర్లలో కూడా ఆయన దూకుడు ఆపలేదు.

తరవాత ఈ ఆత్మకథను గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చదివి శ్రవణపుస్తకం చేశారు. నా లెక్కలో ఈ కథకు అసలైన వేదిక అదే. ఒక్క గొంతు, సంగతుల మీద సంగతులు, మధ్యలో గొంతు కాస్త వణికితే వెంటనే ఒక చమత్కారం. ఇవాళ కుర్రాళ్ళు మైకు పట్టుకుని నిలబడి చేసే స్టాండప్‌కు మన భాషలో ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

రమణగారు 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో కన్నుమూశారు. ఆయన రాసిన ‘శ్రీరామరాజ్యం’ సినిమా ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. ఆయన చెప్పకుండా వదిలేసిన కొమ్మల్ని ఇంటివాళ్ళూ మిత్రులూ అందుకుని ‘కొసరు కొమ్మచ్చి’గా తెచ్చారు.

2023లో ‘బలగం’ చూసినప్పుడు నాకు ఈ ఆటే గుర్తొచ్చింది. టీవీలో ‘జబర్దస్త్’ స్కిట్లతో నవ్వించిన వేణు యెల్దండి తన సిరిసిల్ల వైపు చావింటి తంతును సినిమా తీశాడు. కాకి పిండం ముట్టకపోతే ఇల్లంతా తల్లడిల్లుతుంటే హాల్లో జనం నవ్వారు, ఏడ్చారు, రెండూ ఒకేసారి చేశారు.

ఈ రోజు బెజవాడలో ప్రతి ఇంజనీరింగు కాలేజీలోనూ సెల్‌ఫోనుతో లఘుచిత్రం తీసే పిల్లలున్నారు. వాళ్ళలో తమ ఇంటి కష్టాన్నే కథగా తీసుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఒక్క మాట. వానలో తడుస్తున్న నాయకుణ్ణీ, వెనక వయొలిన్‌నీ పక్కన పెట్టండి. మీ అమ్మ ఆ కష్టకాలంలో వేసిన ఒక్క జోకు గుర్తు చేసుకోండి. దాంతో మొదలుపెట్టండి. ఏడుపు రాబోతోందనగానే ఇంకో కొమ్మ మీదికి దూకేయండి.