ఐఓఎంఎంయూ అమరిక

ఐఓఎంఎంయూ అనేది నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు తమకు కేటాయించిన మెమరీని మాత్రమే చేరుకునేలా కట్టడి చేసే హార్డ్‌వేర్ విభాగం. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం నేరుగా మెమరీని చదివి, రాసే పద్ధతిని డీఎంఏ అంటారు. ఐఓఎంఎంయూ లేనిచోట లోపభూయిష్టమైన లేదా హానికరమైన పరికరం కెర్నెల్ మెమరీని సైతం మార్చగలదు. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అని, ఏఎమ్‌డీ ఏఎమ్‌డీ-వీఐ అని, ఆర్మ్ ఎస్‌ఎంఎంయూ అని పిలుస్తాయి. లినక్స్‌లో ఇంటెల్ విభాగానికి 2.6.24 కెర్నెల్‌తో 2008లో మద్దతు లభించింది.

పరికరం పంపే చిరునామాను ఐఓఎంఎంయూ పేజీ పట్టికల్లో వెతికి, అసలు మెమరీ చిరునామాగా మారుస్తుంది. సాధారణ పేజీ పరిమాణం 4 కిలోబైట్లు. పట్టికలో లేని చిరునామాను కోరితే ఆ అభ్యర్థన ఆగిపోయి, కెర్నెల్ లాగ్‌లో దోషంగా నమోదవుతుంది.

అమరికకు ముందుగా బయోస్‌లో ఈ సౌకర్యాన్ని ప్రారంభించి, తర్వాత బూట్ సమయపు కెర్నెల్ పారామీటర్లతో విధానాన్ని ఎంచుకుంటారు. కఠిన విధానంలో మ్యాపింగ్ తొలగించిన వెంటనే ఐఓఎంఎంయూ కాష్‌లోని పాత నమోదు చెరిగిపోతుంది. జాప్య విధానంలో ఆ పని కొంత ఆలస్యంగా, గుంపుగా జరుగుతుంది. వేగం పెరిగినా, ఆ కొద్ది వ్యవధిలో పాత చిరునామా తెరిచే ఉంటుంది. పాస్‌త్రూ విధానంలో చిరునామా మార్పిడి ఉండదు కాబట్టి రక్షణ కూడా ఉండదు.

ఒకదాన్నుంచి మరొకటి వేరు చేయలేని పరికరాలను కెర్నెల్ ఒకే గ్రూపులో ఉంచుతుంది. వర్చువల్ యంత్రానికి పరికరాన్ని అప్పగించేటప్పుడు ఈ గ్రూపే కనిష్ఠ ప్రమాణం. ఇలా పరికరాలను అప్పగించేందుకు 2012లో 3.6 కెర్నెల్‌లో చేరిన వీఎఫ్‌ఐఓ వ్యవస్థ ఈ పద్ధతిపైనే ఆధారపడింది. థండర్‌బోల్ట్ వంటి బయటి పోర్టుల ద్వారా జరిగే డీఎంఏ దాడులను 2019లో వెలువడిన థండర్‌క్లాప్ పరిశోధన వివరించింది.