సూరత్ మగ్గాల మీద కంపెనీ పెత్తనం

1612లో సూరత్ దగ్గరి సువాలీ తీరంలో పోర్చుగీసువారిని ఓడించాక ఈస్టిండియా కంపెనీ ఆ రేవులో నిలదొక్కుకుంది. అప్పటికది పదిమంది కొనుగోలుదార్లలో ఒకటి. డచ్చివారు, అరబ్బులు పోటీపడుతుంటే నేతగాడి మాటకు విలువుండేది.

1759లో కోట, 1800లో నవాబు పాలన ఆంగ్లేయుల చేతికొచ్చాయి. కొనేవాడే దొర అయ్యాక ఇక బేరమేముంది?

కంపెనీ ఉద్యోగే అయిన రాబర్ట్ రికార్డ్స్ సూరత్ రికార్డులు తిరగేసి చెప్పిన సంగతులు గుండె మండించేవే. నాసిరకం గుడ్డకు అరబ్బు, ఫ్రెంచి వర్తకులిచ్చే ధర, మేలురకానికి కంపెనీ ఇచ్చే ధర కన్నా ఎక్కువ. అయినా సాలెలు కంపెనీకే నేయాలి. కొందరు భారీ జరిమానా కట్టి తప్పించుకున్నారు, కొందరు మగ్గమే వదిలేశారు. వదలనివ్వకుండా సిపాయిల్లో చేరడాన్ని నిషేధించారు. ఒకసారైతే ఆంగ్ల అధికారి అనుమతి లేనిదే ఊరు దాటనివ్వలేదు!

కంపెనీలు మానవ హక్కులను గౌరవించాలన్న ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 2011లో వచ్చాయి. అలాంటి రక్షణేదీ లేని ఆనాటి సూరత్‌లో ఫిర్యాదు చేద్దామన్నా సర్కారూ కంపెనీదే.

1813 చార్టర్ చట్టం భారత వర్తకంపై కంపెనీ గుత్తను తీసేసింది. సాలెల మీద జాలితో కాదు, పోటీకి దిగాలనుకున్న బ్రిటిష్ వర్తకుల ఒత్తిడితో.