తాళమా, తలుపా?

“స్టీమ్ కూడా కాపీ ప్రొటెక్షనేనా?” అని అడిగితే గేమ్స్ ఆడేవాళ్లలో కొందరు నవ్వుతారు, కొందరు కోప్పడతారు. అది వట్టి దుకాణం, ఆటను డౌన్‌లోడ్ చేసిపెట్టి అప్‌డేట్లు వేసే సాధనం, అంతేనని వాళ్ల వాదన. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1990లో వచ్చిన ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ కొంటే ఫ్లాపీలతో పాటు ఒక అట్టచక్రం ఇచ్చేవాళ్లు. దాని మీద సముద్రపు దొంగల మొహాలు: పై సగం ఒకడిది, కింది సగం ఇంకొకడిది. తెర మీద కనిపించిన మొహాన్ని చక్రం తిప్పి కుదిర్చి, అక్కడ దొరికిన సంవత్సరాన్ని టైప్ చేస్తేనే ఆట మొదలయ్యేది. ఫ్లాపీని కాపీ చేయడం చిటికెలో పని. తిరిగే అట్టను జిరాక్స్ తీయడం మాత్రం చికాకు. ఆ చికాకే వాళ్లకు కావాల్సింది. నాకైతే అందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది. తాళం తాళంలాగే ఉండేది, పైగా మన బీరువాలోనే ఉండేది. చక్రాన్ని స్నేహితుడికిస్తే ఆట కూడా వాడిదైపోయేది.

తర్వాత డ్రైవ్‌లో సీడీ ఉంటేనే నడిచే ఆటలు, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ వచ్చాయి. వాటిని తిట్టుకోని గేమర్ లేడు.

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో స్టీమ్‌ను విడుదల చేసినప్పుడు దాని ముఖ్యమైన పని కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలకు అప్‌డేట్లు చేరవేయడం. (మన ఇంటర్నెట్ సెంటర్లలో ఒకే కాపీని అన్ని కంప్యూటర్లకూ ఎక్కించి ఆడిన కౌంటర్ స్ట్రైక్ ఇదే!) అసలు మలుపు 2004 నవంబరు 16న వచ్చింది. ఆ రోజు ‘హాఫ్-లైఫ్ 2’ విడుదలైంది. దుకాణంలో డిస్కు కొన్నవాళ్లు కూడా ఇంటర్నెట్‌కి కనెక్టయి, స్టీమ్ ఖాతాలో నమోదు చేసుకుంటేనే ఆట తెరుచుకునేది. సర్వర్లు తట్టుకోలేకపోయాయి. డబ్బు కట్టి, డిస్కు చేత్తో పట్టుకుని ఎదురుచూసినవాళ్ల దగ్గరికెళ్లి “ఇది తాళం కాదండీ” అని చెప్పగలమా?

అవతలి వాదనలోనూ బలముంది. స్టీమ్‌లో కొన్న ఆటలు కొన్నింటి ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, స్టీమే లేని కంప్యూటర్లో పెట్టినా హాయిగా నడుస్తాయి. తాళం వెయ్యాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్ల ఇష్టం. తాము ఇచ్చే తాళం ఒక్కటే పైరసీని ఆపదని వాల్వే డెవలపర్లకు చెబుతుంది. 2008లో మొదలైన గాగ్ అయితే ఇన్‌స్టాలర్‌నే చేతికిస్తుంది. దాని క్లయింటు గెలాక్సీ కావాలంటే వాడొచ్చు, లేకపోతే లేదు.

కాబట్టి కాపీని ఆపడమే కొలత అయితే క్లయింటు తాళం కాదు. కానీ చక్రం చేసిన రెండో పని, చేతులు మారడం, దీన్ని కూడా లెక్కేయాలి కదా? ఖాతాను ఇంకొకరికి అమ్మడానికి స్టీమ్ ఒప్పుకోదు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం దీని మీదే కోర్టుకెళ్లింది. 2019లో పారిస్ కోర్టు తిరిగి అమ్ముకునే హక్కు ఉందంది. 2022లో అప్పీలు కోర్టు లేదంది. ఫైలు మీద ఉండాల్సిన తాళం ఖాతా మీదికి మారిందని నేననుకునేది ఇందుకే.

2024 అక్టోబరు నుంచి స్టీమ్‌లో డబ్బు కట్టబోయే ముందు ఒక చిన్న వాక్యం కనిపిస్తోంది: కొంటున్నది ఆటను కాదు, లైసెన్సునని. ఆ మాట ‘హాఫ్-లైఫ్ 2’ డబ్బా మీదే పెద్దక్షరాల్లో వేసి ఉంటే ఆ రోజు ఎంతమంది కొనేవాళ్లో.